ఆవును కొనే ముందు ఆంబోతును వెతకండి

(రిటైరయ్యాక చిన్న పొలం, నాలుగు పశువులు పెట్టుకోవాలనుకునేవారి కోసం తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరస ఖాళీగా ఉంది. ముందుకు జరగండి, ముందుకు జరగండి. నవ్వకండి, ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాడి నోటికి వేరే మాట రాదు. మైకు కూడా కొంచెం దూరంగా పెట్టుకుంటాను. బస్సులో అరిచి అరిచి పెరిగిన గొంతు నాది.

నేను సైంటిస్టును కాను, పశువైద్యుణ్ణి అసలే కాను. రిటైరై ఏడేళ్ళయింది. పాకాల దగ్గర మా నాయన ఇచ్చిన ఎకరంన్నర ఉంది. ఇప్పుడు అందులో నాలుగు పుంగనూరు ఆవులు, పన్నెండు నెల్లూరు గొర్రెలు, ఇరవై చిల్లర అసీల్ కోళ్ళు ఉన్నాయి. ఇవి కాక ఇంకో రెండు ఆవులు, చాలా గొర్రెలు నా తెలివితక్కువతనం వల్ల పోయాయి. ఇవాళ ఎక్కువగా వాటి గురించే చెబుతాను. ఉన్నవాటిని చూడాలంటే పాకాల వస్తే చాలు.

ఒకసారి చేతులెత్తండి. పుంగనూరు ఆవు కొనాలని ఎంతమందికి ఉంది? దాదాపు అందరూ ఎత్తారు. సరే. ఎత్తిన చేతులు అట్లాగే ఉంచండి. ఆ ఆవు ఎదకు, అంటే జోడీ కోరే దశకు, వచ్చిన రోజు ఎక్కడికి తోలుకుపోవాలో తెలిసినవాళ్ళు మాత్రం ఉంచండి, మిగిలినవాళ్ళు దించేయండి.

చూశారా? ఒక్కరు మిగిలారు. అయ్యా, మీరు టీ అప్పుడు నన్ను కలవండి, వదిలిపెట్టను.

మనం ఆవును చూస్తాం, కొమ్ములు చూస్తాం, ఎత్తు కొలుస్తాం, ఫొటో దిగుతాం. ఆంబోతు ఎక్కడుంది అని ఎవరూ అడగరు. జెర్సీ ఆవు కొంటే ఆ ప్రశ్న అక్కర్లేదు, ఏ ఊళ్ళో అయినా సూది, అంటే చూడి కట్టించే వీర్యం సూది, దొరుకుతుంది. అరుదైన జాతి అంటేనే అర్థం ఏమిటి? దానికి జోడీ దొరకడం అరుదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి నష్టం జరిగిపోయింది.

ముందు ఈ ఆవు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మన పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలు, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె చుట్టుపక్కల మెట్టనేల దీని పుట్టిల్లు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. బరువు 115 నుంచి 200 కిలోల దాకా. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టి, తోక నేలను తాకేంత పొడుగు. ముందు నుంచి వెనక్కి నడుము కాస్త వాలుగా ఉంటుంది. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్ల పాలు అని పుస్తకాల్లో రాస్తారు. పుస్తకం ఆవు నా దొడ్లో లేదు. నా దొడ్లో ఉన్న మంచి ఆవు రెండున్నర ఇస్తుంది, దూడ తాగింది పోగా. వెన్న ఎనిమిది శాతం అంటారు. నేను పాలకేంద్రంలో కొలిపిస్తే ఐదు దాటింది, ఆరు అందలేదు. అదీ మామూలు ఆవు పాలకంటే బాగా ఎక్కువే. ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. కానీ ఎనిమిది అని నమ్మి నెయ్యి వ్యాపారం లెక్కలు వేసుకుని దిగారనుకోండి, ఆరో నెలకు బీపీ మాత్రలు కొనుక్కోవాలి.

ఇది ఎందుకు తగ్గిపోయింది? ఎవరో పగబట్టి చంపలేదు. మన జిల్లా పాలకు పేరున్న జిల్లా. పది, పదిహేను లీటర్లిచ్చే సంకరజాతి ఆవు వచ్చాక రెండు లీటర్ల ఆవును ఎవరు మేపుతారు? మా నాయన కూడా మేపలేదు. ఆయన్ని తప్పుపట్టను, మా అక్క పెళ్ళి ఆ జెర్సీ పాలతోనే అయింది. అయితే ఒకటి గమనించండి. రైతులు నాటు ఆవులను అమ్మేయకముందే, వాటికి జెర్సీ సూదులు, హెచ్ఎఫ్ అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద విదేశీ జాతి సూదులు వేయించడం మొదలుపెట్టారు. అంటే ఆవు దొడ్లోనే ఉంది, దాని కడుపున మాత్రం వేరే జాతి దూడ పుడుతోంది. ఊళ్ళో నాటు ఆంబోతుకు పని లేకుండా పోయింది. పని లేనిదాన్ని ఎవరు మేపుతారు? మొదట పోయింది ఆంబోతు. ఆవులు తర్వాత పోయాయి.

2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. మంచిదే, జాతికి పేరొచ్చింది. ధర కూడా వచ్చింది. అంతకుముందు నా ఆవులను చూసి "ఏం సామీ, ఇది ఆవా, దూడా?" అని ఎగతాళి చేసిన మా ఊరి గొర్రెల తాత, ఆ తర్వాత వారం వచ్చి "సామీ, ఒకటి నాకిస్తావా?" అన్నాడు.

పేరొచ్చినచోట ఇంకో తెగులు వచ్చింది. ఎంత చిన్నదైతే అంత గొప్ప అనే పిచ్చి. రెండు అడుగులు, అడుగున్నర, చేతుల్లోకి ఎత్తుకోవచ్చు, సోఫా మీద కూర్చుంటుంది... అమ్మా, అది కుక్కపిల్ల కాదు. ఆవు మందలో బతికే ప్రాణి. ఒక్కదాన్ని అపార్టుమెంటులో టైల్స్ మీద కట్టేస్తే కాలు జారుతుంది, గిట్టలు పెరిగిపోతాయి, తోడు లేక అరుస్తుంది. పైగా చిన్నవాటిని చిన్నవాటితో కలిపి ఇంకా చిన్నది పుట్టించాలని చూస్తే దగ్గరి రక్తం కలవడం తప్ప వేరే దారి లేదు. ఎత్తు టేపు పక్కన పెట్టండి. నోట్లో పళ్ళు చూడండి, నడక చూడండి, నాలుగు చన్ల నుంచి పాలు పిండి చూడండి. చెవికి పన్నెండు అంకెల ట్యాగు ఉందో లేదో చూడండి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడగండి. తండ్రి ఎవరో చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇంట్లో కూడా దీని గురించి ఎక్కువ మాట్లాడను.

నేను మొదట కొన్నది రెండు ఆవులు. అందులో ఒకదాన్ని మా ఇంటామె చిట్టి అని పిలిచేది. కొన్న నాలుగు నెలలకు ఎదకు వచ్చింది. ఎద అంటే 21 రోజులకోసారి వస్తుంది, సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు ఉంటుంది. పొద్దున కనిపిస్తే సాయంత్రం సూది వేయించాలి, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఇదంతా నాకు తెలుసు, పుస్తకం చదివాను. తెలియనిది ఒక్కటే, సూది ఎవరి దగ్గర ఉందో. పుంగనూరు వీర్యం కోసం రెండుచోట్ల ఫోన్ చేశాను. ఆ రోజుకు దొరకలేదు. ఊళ్ళో సూదులు వేసే అబ్బాయి వచ్చాడు. "నా దగ్గర హెచ్ఎఫ్ ఉంది సార్, వేసేదా?" అన్నాడు. ఇంకో 21 రోజులు ఆగితే నా సొమ్మేం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ కొత్త మోజు, దూడను తొందరగా చూడాలనే ఆశ. వేసేయ్ అన్నాను. తప్పు ఆ అబ్బాయిది కాదు, అడిగే వేశాడు.

తొమ్మిది నెలల పైచిలుకు, దాదాపు 280 రోజులు గడిచాయి. నూటముప్పై కిలోల ఆవు. కడుపులో ఉన్నది పెద్ద జాతి దూడ. రాత్రి పది గంటలకు నొప్పులు మొదలయ్యాయి. ముందు కాళ్ళు కనబడ్డాయి, తల రావడం లేదు. డాక్టరుగారు వచ్చేసరికి రెండయింది. ఆయన, నేను, మా పక్కింటి మామ, ముగ్గురం కలిసి తాడు కట్టి లాగాం. దూడ చచ్చి పుట్టింది. చిట్టి తెల్లారేదాకా ఉంది.

ఆ దూడను గుంతలో పెడుతుంటే మామ ఒక మాట అన్నాడు. "అల్లుడూ, చిన్న బండికి లారీ ఇంజను పెడితివే." అంతే. ఇంకేమీ అనలేదు.

అందుకే చెబుతున్నాను, పొట్టి ఆవుకు పెద్ద జాతి సూది వద్దు. ఎద ఒకటి పోతే పోనీయండి. మన ఊళ్ళోనే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, వాళ్ళ పరిశోధనా స్థానం పలమనేరులో ఉంది, పుంగనూరు జాతిని అక్కడ ఏళ్ళ తరబడి కాపాడుతున్నారు. ఆవును కొనే ముందు అక్కడికి పోండి. కొన్నాక కాదు, ముందు. వీర్యం ఎప్పుడు దొరుకుతుంది, ఎవరి ద్వారా దొరుకుతుంది అని అడగండి. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచాలి, మన ఫ్రిజ్‌లో పెట్టుకునేది కాదు. కాబట్టి ఆ క్యాన్ ఉన్న మనిషితో మీకు ముందే పరిచయం ఉండాలి. ఎద వచ్చిన రోజు పరిచయం చేసుకోవడం కుదరదు.

తండ్రే మొగుడైతే

మరి సొంత ఆంబోతునే కొనేస్తే పోలా అని ఒకాయన అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నేనూ అదే చేశాను. చిట్టి పోయాక పట్టుదల వచ్చి ఒక కోడెను కొన్నాను. బాగానే ఉంది, మొదటి ఏడాది పెయ్య పుట్టింది. ఆ పెయ్య పెద్దదై ఎదకు వచ్చింది. ఇప్పుడు దొడ్లో ఉన్న మగపశువు ఎవరు? దాని నాయన!

మనుషుల్లో అయితే మేనరికాలకే డాక్టర్లు ముక్కు విరుస్తున్నారు. తండ్రీ కూతుళ్ళ జోడీకి పుట్టే దూడలో జన్యువుల జతల్లో నాలుగో వంతు, అంటే 25 శాతం, ఒకే పూర్వీకుడి నకలు రెండుసార్లు పడే అవకాశం ఉంది. తాతా మనవరాలు అయితే అది పన్నెండున్నర. ఒక్కసారికి కొంప మునగదు. కానీ రెండు మూడు తరాలు అట్లాగే సాగితే దూడలు బలహీనంగా పుడతాయి, చూడి నిలవదు, పాలు తగ్గుతాయి. నేను ఒకసారి అజాగ్రత్తగా తాడు వదిలేశాను, అట్లా పుట్టిన దూడ మూడు నెలలు కూడా బతకలేదు. దానికి ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ మళ్ళీ తాడు వదల్లేదు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక జాతి ప్రమాదంలో ఉందా లేదా అని లెక్క కట్టేటప్పుడు ఆడవాటిని, మగవాటిని విడివిడిగా లెక్కపెడుతుంది. సంతానానికి పనికొచ్చే ఆడపశువులు మరీ తగ్గినా తీవ్ర ప్రమాదమే, మగవి ఐదూ అంతకు తక్కువ ఉన్నా తీవ్ర ప్రమాదమే. వెయ్యి ఆవులుండి ఐదే ఆంబోతులుంటే ఏం జరుగుతుంది? రెండు తరాల్లో అందరూ అన్నదమ్ముల బిడ్డలే.

కేరళలో వేచూరు ఆవు అని ఉంది, మన పుంగనూరుకు చెల్లెలు లాంటిది, అదీ పొట్టిదే. అక్కడ 1961లో చట్టమే చేశారు, లైసెన్సు లేని నాటు ఆంబోతును ఉంచుకోకూడదు, వృషణాలు నొక్కించాలి అని. పాలు పెంచాలని చేసిన చట్టం. ఫలితంగా వేచూరు దాదాపు కనబడకుండా పోయింది. 1989లో మన్నుత్తి వెటర్నరీ కాలేజీ ప్రొఫెసర్ శోశమ్మ ఐప్, ఆమె విద్యార్థులు ఊరూరా తిరిగి మిగిలిన కొన్నింటిని వెతికి పట్టుకున్నారు. వాటి నుంచి మళ్ళీ మంద పెరిగింది. 2022లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ చట్టం చేసినవాళ్ళు ఆవును ముట్టుకోలేదు, చూడండి. ఆంబోతు జోలికి మాత్రమే పోయారు. అది చాలింది.

కాబట్టి నా దారి ఇది. ఇప్పుడు మా వైపు నాలుగు ఇళ్ళవాళ్ళం కలిశాం. నలుగురికీ కలిపి పదకొండు ఆవులు. ఒక ఆంబోతు ఏడాదికి యాభై ఆవులకు సరిపోతుంది, మూడు ఆవులున్నవాడు దాన్ని ఏడాదంతా మేపడం దండగ. అందుకని రెండు ఆంబోతులు, వేరువేరు రక్తం, వేరువేరు ఇళ్ళలో. రెండేళ్ళకోసారి ఇళ్ళు మారుస్తాం. ఒక నోటుపుస్తకం. ఏ ఆవు, తల్లి, తండ్రి, ఎద తేదీ, ఈనిన తేదీ. మా ఇంటామె రాస్తుంది, నా రాత ఎవరికీ అర్థం కాదు.

ఆంబోతును పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రుసెల్లా అనే రోగం, మన ఊళ్ళలో పశువు ఈసుకుపోయింది, అంటే చూడి పోయింది, అంటారే, అది. ఇది ఆంబోతు ద్వారా దొడ్డి నుంచి దొడ్డికి పోగలదు. మనిషికీ అంటుకుంటుంది, పచ్చిపాలతో కూడా. అందుకని ఆంబోతుకు, ఆవులకు రక్తపరీక్ష చేయించాకే కలపాలి. పెయ్యలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారి టీకా వేస్తారు. కోడెలకు వేయరు. నాటు ఆవు పాలు పచ్చివి తాగితే అమృతం అని ఎవరైనా చెబితే, నమస్కారం పెట్టి ఇంటికొచ్చి కాచుకుని తాగండి.

గడ్డి, కోడి, గొర్రె, ఆ తర్వాతే ఆవు

వరస చెప్పమంటే నేను ఇట్లా చెబుతాను. మొదటి ఏడాది పశువే వద్దు. గడ్డి నాటండి. నీళ్ళుంటే పది సెంట్లలో నేపియర్ రెండు పుంగనూరు ఆవులకు రోజూ కోతకు సరిపోతుంది. ఒక ఆవుకు రోజుకు పది పన్నెండు కిలోల పచ్చిమేత, రెండు కిలోల ఎండుగడ్డి. మనకు వేరుశనగ కట్టె, రాగి గడ్డి దొరుకుతాయి, ఇంకేం కావాలి? గట్ల మీద అవిశ, గ్లైరిసీడియా లాంటి మేత చెట్లు పెట్టుకోండి. ఒక్క నేపియరే పెడితే సరిపోదు.

జొన్న వేసేవాళ్ళు జాగ్రత్త. లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చే పిలకలు, వానలేక వాడిన పైరు, వీటిలో నాము ఉంటుంది. నాము అంటే ఏమిటో పెద్దవాళ్ళకు తెలుసు. సైనైడ్ విషమే. ఆవు తిన్న కాసేపటికే పడిపోతుంది. వెంటనే డాక్టరు సూది వేస్తేనే బతుకుతుంది. పూత వచ్చాకే కోసి వేయండి.

ఇంకో విషం ఉంది, అది మన తిరుపతి స్పెషల్. భక్తి. మా దొడ్డికి వచ్చే చుట్టాలు ఊరికే రారు. పొంగలి తెస్తారు, అరటిపళ్ళు గెలలు తెస్తారు, బెల్లం తెస్తారు. గోమాతకు పెడితే పుణ్యం కదా! ఆవు పొట్టలో మొదటి సంచి గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది. ఆ ఇల్లు గడ్డి కోసం కట్టినది. ఒక్కసారిగా అన్నం, పిండి, తీపి పడితే లోపల యాసిడ్ పుట్టి పొట్ట నడక ఆగిపోతుంది. నా రెండో ఆవు అట్లాగే పోయింది. ఒక గృహప్రవేశం మర్నాడు, మిగిలిన అన్నం మంకిరి నిండా తెచ్చి పోశారు. నేను ఊళ్ళో లేను. పోసినవాళ్ళు మంచివాళ్ళు, ఇప్పటికీ మా ఇంటికి వస్తారు, వాళ్ళకు సంగతి చెప్పలేదు. గేటుకు మాత్రం బోర్డు పెట్టాను, "పుణ్యం కావాలంటే గడ్డి తెండి" అని.

రెండో ఏడాది కోళ్ళు. అసీల్ గుడ్లు తక్కువ పెడుతుంది, కానీ పొదగడంలో దానికి సాటి లేదు. 21 రోజులు కదలదు. ఏడో రోజున పిల్లల కంట్లో కొక్కెర తెగులు చుక్కల మందు, ఎనిమిది వారాలకు సూది. పుంజులను విడివిడిగా ఉంచాలి, లేదంటే పొద్దున్నే రక్తం. సంక్రాంతి ముందు కార్లలో వస్తారు, పుంజును అడుగుతారు, ఆవు ధర చెబుతారు. పందెం చట్టప్రకారం నేరం, 1960 జంతుహింస చట్టం ఉంది, 1974 గేమింగ్ చట్టం ఉంది. నేను అమ్మను. అమ్మేవాళ్ళ జోలికి నేను పోను, అది వేరే కథ.

తర్వాత గొర్రెలు. నెల్లూరు గొర్రె ఉన్ని లేని గొర్రె, మన ఎండకు సరిగ్గా సరిపోయింది. తెల్లది పల్ల, కంటి చుట్టూ నలుపుంటే జోడిపి, ఎర్రది డోర. అరుదైనది కాదు, కానీ పశువుతో బతకడం నేర్పేది అదే. ఈత అయిదు నెలలకే, తప్పు చేసినా తొందరగా తెలుస్తుంది. తొలకరికి ముందు చిటుక రోగం టీకా, పారుడు టీకా, నట్టల మందు. ఈ మూడూ మరిచిపోతే మందలో సగం మిగలదు. నాకు రెండో ఏడాది మిగలలేదు.

చిరుత భయం ఉందా అని అడుగుతారు, ముఖ్యంగా చంద్రగిరి వైపు వాళ్ళు. కొండ అంచున ఉన్నవాళ్ళకు ఉంటుంది, రాత్రి పశువులను పైకప్పు ఉన్న దొడ్లో పెట్టుకోవాల్సిందే. నా గొర్రెలను మాత్రం చిరుత తినలేదు. ఊరకుక్కలు ఒక్క రాత్రిలో తొమ్మిదింటిని కొరికేశాయి. రాతి కూసాలు, అయిదడుగుల చైన్‌లింక్ కంచె, కింద అడుగు లోతు మట్టిలోకి. ఆవు మీద పెట్టే డబ్బులో సగం ముందు కంచె మీద పెట్టండి.

డబ్బు సంగతి అడగలేదు, మొహమాటపడుతున్నారు. నేనే చెప్తాను. నా పెన్షన్ మీద నడుస్తోంది. పాలు ఇంటికి, పేడ పొలానికి, గొర్రె పిల్లలు అమ్మితే వాటి ఖర్చు వాటికి వస్తుంది. కోడెదూడ పుడితే నష్టమే అనుకుంటారు చాలామంది. నాకు అదే లాభం, ఎందుకో ఇందాకటి నుంచి చెబుతూనే ఉన్నాను.

పశువుకు ఏదైనా అయితే 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు నంబరు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేస్తారు, వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజు పెళ్ళికి పోకండి.

టీ వచ్చినట్టుంది. రెండు మాటలు చెప్పి దిగుతాను. బయట గోనెసంచిలో నేపియర్ ముక్కలు తెచ్చాను, ఒక్కో ముక్కకు రెండు కణుపులున్నాయి. తలా పది తీసుకోండి, ఇవాళే నాటండి, ఎండిపోతే పనికిరావు. ఆ మూల కుర్చీ మీద నోటుపుస్తకం ఉంది. మీ పేరు, ఊరు, ఎన్ని ఆవులు పెట్టాలనుకుంటున్నారో రాయండి. ఒకే వైపు వాళ్ళు నలుగురు తేలితే, ఆవులను కొనకముందే నన్ను పిలవండి, నా ఖర్చుతో వస్తాను. బస్సు పాసుంది.